డేటా పోయిన సంగతి మనకే ఎందుకు చివర్న తెలుస్తుంది?

2023 నవంబర్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు ఒక వింత ఫిర్యాదు అందింది. ఫిర్యాదు చేసింది ఆల్ఫ్‌వీ అనే హ్యాకర్ ముఠా. బ్లాక్‌క్యాట్ అన్నా ఇదే. బ్యాంకులకు, అప్పులిచ్చే సంస్థలకు సాఫ్ట్‌వేర్ అందించే మెరిడియన్‌లింక్ అనే కంపెనీలోకి తాము చొరబడ్డామని, డేటా ఎత్తుకుపోయామని, అయినా ఆ కంపెనీ నాలుగు రోజుల్లోగా బయటికి చెప్పలేదని ఆ ముఠా ఆరోపణ. అంటే దొంగే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, ఇంటాయన కేసు పెట్టలేదు, చర్య తీసుకోండి అన్నట్టు. తమాషా ఏంటంటే ఆ నాలుగు పనిదినాల నిబంధన అప్పటికి అమల్లోకే రాలేదు. డిసెంబర్ 18న వచ్చింది.

నవ్వొచ్చే కథే. కానీ కంపెనీల బలహీనత ఎక్కడుందో ఆ ముఠాకు బాగా తెలుసు. డేటా పోవడం కంటే, పోయిందని నలుగురికీ తెలియడమే కంపెనీలకు ఎక్కువ భయం. ఆ భయం మీదే ఇవాళ హ్యాకర్ ముఠాల వ్యాపారం నడుస్తోంది.

ఇది కంప్యూటర్ ఇంజనీర్ల గొడవ కదా, దళిత హక్కుల గురించి రాసే చోట దీనికేం పని అని కొందరు మిత్రులు అడగొచ్చు. మన కులం ఇవాళ సర్టిఫికెట్ మీదే లేదు. స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంది, ఇళ్ల పథకం జాబితాలో ఉంది, పెళ్లి సంబంధాల సైట్‌లో ఉంది, ఉద్యోగ దరఖాస్తులో ఉంది. అది మన చేతుల్లోంచి వెళ్లిపోయి ఎవరెవరి సర్వర్లలోనో కూర్చుంది. అది బయటపడితే నష్టం మనది. బయటపడిందని చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అనే నిర్ణయం మాత్రం వాళ్లది. మా అభ్యంతరం అక్కడే.

ముందు హ్యాకర్లంటే ఎవరో చూద్దాం. అందరినీ ఒకే గాటన కట్టడం కుదరదు. 2011 మే, జూన్ నెలల్లో లల్జ్‌సెక్ అనే చిన్న గుంపు దాదాపు యాభై రోజుల పాటు పెద్ద పెద్ద సంస్థలను ఆట పట్టించింది. సోనీ పిక్చర్స్ సైట్‌లోకి చాలా పాత, అందరికీ తెలిసిన పద్ధతిలో దూరి, అక్కడ జనం పాస్‌వర్డ్‌లు ఏ రక్షణా లేకుండా మామూలు అక్షరాల్లో ఉన్నాయని లోకానికి చూపించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ నుంచి 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు పోయాయి. నెట్‌వర్క్‌ను 20వ తేదీనే ఆపేసిన కంపెనీ, వ్యక్తిగత వివరాలు పోయాయని 26న చెప్పింది. లల్జ్‌సెక్ లాంటివాళ్లను కొందరు వీరులన్నారు. మేము అనలేం. కంపెనీ పరువు తీయడానికి వాళ్లు ఇంటర్నెట్‌లో పరిచేసిన పాస్‌వర్డ్‌లు మామూలు మనుషులవి. ఆ జాబితాలు చూసి వేరేవాళ్లు ఆ మనుషుల ఈమెయిళ్లలోకి, షాపింగ్ ఖాతాల్లోకి దూరారు.

ఆ తరం పోయింది. 2019 చివర్లో మేజ్ అనే ముఠా కొత్త పద్ధతి మొదలుపెట్టింది. అంతకుముందు ర్యాన్సమ్‌వేర్ ముఠాలు కంప్యూటర్లకు తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడిగేవి. కంపెనీ దగ్గర బ్యాకప్ ఉంటే బేరం చెడిపోయేది. మేజ్ ముందు డేటాను కాపీ చేసుకుని, తర్వాత తాళం వేసి, డబ్బివ్వకపోతే అంతా బయటపెడతాం అని బెదిరించింది. మిగతా ముఠాలన్నీ అదే దారి పట్టాయి. కొన్ని ఇప్పుడు తాళం వేసే పని కూడా పెట్టుకోవడం లేదు, కాపీ చేసుకుని బెదిరిస్తే చాలు. వీళ్లలో ఫ్రాంచైజీలున్నాయి: సాఫ్ట్‌వేర్ ఒకరిది, చొరబడేది ఇంకొకరు, వచ్చిన సొమ్ములో వాటాలు. బేరాలాడటానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. వీళ్లు అమ్ముతున్న సరుకు ఒక్కటే, మౌనం. ఆ మౌనాన్ని కొనే కంపెనీలు ఉన్నంతకాలం బేరం సాగుతుంది.

ఎలా కొంటారో చెప్పడానికి ఉబర్ ఉదంతం చాలు. 2016లో ఇద్దరు హ్యాకర్లు ఉబర్ నుంచి 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు ఎత్తుకెళ్లారు. అందులో సుమారు 6 లక్షల మంది అమెరికా డ్రైవర్ల లైసెన్స్ నంబర్లున్నాయి. కంపెనీ వాళ్లకు బిట్‌కాయిన్ రూపంలో లక్ష డాలర్లిచ్చింది. లోపాలు కనిపెట్టి చెప్పేవాళ్లకు కంపెనీలు బహుమతులిస్తుంటాయి కదా, ఆ పద్దు కింద చూపించింది. నోరు విప్పమని ఒప్పందం మీద సంతకాలు కూడా చేయించుకుంది. ఏడాది గడిచాక 2017 నవంబర్‌లో, పైన కొత్త యాజమాన్యం వచ్చాక, విషయం బయటికొచ్చింది. అప్పటి భద్రతాధికారి జో సలివన్‌ను 2022 అక్టోబర్‌లో జ్యూరీ దోషిగా తేల్చింది. 2023లో మూడేళ్ల ప్రొబేషన్ వేశారు, జైలు లేదు. లైసెన్స్ నంబర్లు పోయిన డ్రైవర్లకు ఆ ఏడాది పొడవునా ఏమీ తెలియదు. కారు తిప్పి పొట్ట పోసుకునే మనిషికి ఆ లైసెన్సే బతుకుదెరువు.

ఈక్విఫాక్స్ సంగతి వేరే రకం. అమెరికాలో జనం అప్పుల చరిత్రను పోగుచేసి అమ్మే సంస్థ అది. వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని, సరిచేసే ప్యాచ్ ఇదిగో అని 2017 మార్చిలోనే ప్రకటన వచ్చింది. వీళ్లు ఒక చోట అది వేయలేదు. మే మధ్యలో చొరబాటు మొదలైంది. లోపలికీ బయటికీ పోయే డేటాను పరిశీలించే యంత్రం ఉంది గానీ, దాని సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలలైంది. అంటే కాపలావాడున్నాడు, కళ్లకు గంతలున్నాయి. జూలై 29న సర్టిఫికెట్ మార్చగానే దొంగలు కనపడ్డారు. జనానికి చెప్పింది సెప్టెంబర్ 7న. 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయని చివరికి తేలింది. మధ్యలో, విషయం బయటికి రాకముందే, షేర్లు అమ్ముకున్న ఒక ఎగ్జిక్యూటివ్ తర్వాత జైలుకు వెళ్లాడు. చొరబాటు వెనక చైనా సైన్యానికి చెందిన నలుగురున్నారని 2020లో అమెరికా ప్రభుత్వం అభియోగం మోపింది. శత్రువు ఎంత పెద్దవాడైనా కావచ్చు, తలుపు తీసి పెట్టింది మాత్రం ప్యాచ్ వేయని నిర్లక్ష్యమే.

ఇలాంటివి చూస్తే ఒక ప్రశ్న వస్తుంది. ఇంత డబ్బున్న కంపెనీలకు తాళం వేసుకోవడం చేతకాదా? చేతనవుతుంది. కాకపోతే భద్రతకు పెట్టే ఖర్చు కంపెనీ లెక్కలో పడుతుంది, భద్రత లేకపోతే వచ్చే నష్టంలో ఎక్కువ భాగం ఇంకెవరి ఇంట్లోనో పడుతుంది. వెంటనే చెప్పి తీరాలనే చట్టం ఈ లెక్కను కొంత మారుస్తుంది. చెప్పాల్సి వస్తుందంటే ముందే జాగ్రత్తపడతారు. 2003 జూలై నుంచి అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇలాంటి చట్టం అమలుచేస్తోంది. యూరప్‌లో 2018 నుంచి 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి, ముప్పు ఎక్కువగా ఉంటే ఆ మనుషులకూ చెప్పాలి.

ఫిన్లాండ్‌లో 33 వేల మంది

మా దృష్టిలో ఈ విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన ఘటన ఫిన్లాండ్‌లోని వాస్తామో. మానసిక వైద్యం అందించే ప్రైవేటు కంపెనీ అది. దేశమంతా కేంద్రాలుండేవి. మనిషి తన జీవితంలో ఎవరికీ చెప్పుకోలేనివి థెరపిస్ట్‌కు చెప్పుకుంటాడు, ఆమె నోట్స్ రాసుకుంటుంది. ఆ నోట్స్ అన్నీ ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. ఆ డేటాబేస్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది. అందులో అన్ని అధికారాలూ ఉన్న ఖాతాకు పాస్‌వర్డ్ లేదు.

2018 నవంబర్‌లో ఒకసారి, 2019 మార్చిలో ఇంకోసారి చొరబాట్లు జరిగాయి. మార్చిలో జరిగింది కంపెనీకి తెలిసి ఉండాల్సిందేనని, వెంటనే చెప్పాల్సిందని అక్కడి డేటా రక్షణ అధికారి తర్వాత తేల్చారు. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకే కంపెనీలో మెజారిటీ వాటా ఒక పెట్టుబడి సంస్థకు అమ్ముడుపోయింది. 2020 శరదృతువులో హ్యాకర్ కంపెనీని 40 బిట్‌కాయిన్లు అడిగాడు. ఇవ్వలేదు. అప్పుడు అతను రోగుల నోట్స్ కొన్ని బయటపెట్టాడు. తర్వాత నేరుగా రోగులకే ఈమెయిళ్లు పంపాడు: 24 గంటల్లో 200 యూరోలు ఇవ్వు, లేదంటే 500, అదీ ఇవ్వకపోతే నువ్వు నీ డాక్టర్‌తో మాట్లాడిందంతా అందరూ చదువుతారు.

సుమారు 33 వేల మంది. పోలీసులకు 20 వేలకు పైగా ఫిర్యాదులు. కంపెనీకి 6 లక్షల 8 వేల యూరోల జరిమానా పడింది, అప్పటికే అది దివాలా తీసింది. 2024 ఏప్రిల్‌లో జిల్లా కోర్టు హ్యాకర్‌కు ఆరేళ్ల మూడు నెలల శిక్ష వేసింది. 2019 మార్చిలోనే చెప్పి ఉంటే పోయిన నోట్స్ తిరిగి వచ్చేవి కావు, నిజమే. కానీ ఆ మనుషులు ఏడాదిన్నర ముందే తమవాళ్లతో తామే మాట్లాడుకునేవాళ్లు, లాయర్‌ను కలిసేవాళ్లు, సిద్ధపడి ఉండేవాళ్లు. ఒక రోజు పొద్దున బెదిరింపు ఈమెయిల్ తెరిచి తెలుసుకోవాల్సిన గతి పట్టేది కాదు.

ఇది చదువుతుంటే మాకు మన నగరాల్లో కులం చెప్పకుండా అద్దెకుంటున్న కుటుంబాలు గుర్తొస్తాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇంటిపేరు చెప్పాల్సి వచ్చినప్పుడు మాట మార్చే పిల్లలు గుర్తొస్తారు. ఆఫీసులో రిజర్వేషన్ మాట వచ్చినప్పుడు మౌనంగా టీ తాగేవాళ్లు గుర్తొస్తారు. అమెరికాలో పనిచేస్తూ తెలుగు సంఘాల విందుల్లో "మీరేంట్లు?" అనే ప్రశ్న తప్పించుకునేవాళ్లు కూడా. కులం దాచుకోవాల్సిన అవసరం ఉండకూడదు. ఉంది. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిది. ఒక కంపెనీ సర్వర్ నిర్లక్ష్యం ఆ హక్కును రాత్రికి రాత్రి లాగేసుకోగలదు.

ఊహించి చెప్పడం లేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1 లక్షా 30 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం అందరికీ కనపడేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం వారీగా, మతం వారీగా వెతకడానికి కూడా వీలుండేది. ఏ హ్యాకరూ చొరబడలేదు, తలుపే లేదు. దానికి ఏడాది ముందు, 2017 మేలో, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదికలో చెప్పిన నాలుగు పోర్టళ్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఉపాధి కూలీలు, పింఛన్ తీసుకునే ముసలివాళ్లు, అసంఘటిత కార్మికులు. ఆ జాబితాల్లో ఎవరుంటారో మనకు వేరే చెప్పక్కర్లేదు. 2018లోనే తెలంగాణలో ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోని పత్రాల నుంచి జనం వేలిముద్రలు తీసి, నకళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేస్తూ దొరికాడు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం.

2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అక్కడ చొరబాటు కూడా లేదు, ఫోన్‌లోని నంబర్లన్నీ యాప్ అడిగింది, వీళ్లు ఇచ్చారు. బంధువులకు, పనిచేసేచోట యజమానికి ఫోన్లు వెళ్లాయి. చేతిలో డేటా ఉన్నవాడు పేదవాడిని ఏం చేయగలడో అప్పుడు చూశాం.

షేర్‌హోల్డర్‌కు ముందు, పాలసీదారుకు తర్వాత

ఇక మన దేశపు కార్పొరేట్ల సంగతి. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికులు సుమారు 45 లక్షల మంది వివరాలు సీటా అనే సంస్థ సర్వర్ల నుంచి పోయాయి. సీటా ఫిబ్రవరి 25న ఎయిర్ ఇండియాకు చెప్పింది. ప్రయాణికులకు ఎవరెవరివి పోయాయో ఈమెయిళ్లు వచ్చింది మేలో.

2024లో స్టార్ హెల్త్ ఇన్సూరెన్స్. పాలసీదారుల వైద్య పత్రాలు, గుర్తింపు కార్డుల కాపీలు టెలిగ్రామ్‌లో చాట్‌బాట్‌ల ద్వారా ఎవరడిగితే వాళ్లకు దొరుకుతున్నాయని సెప్టెంబర్ 20న రాయిటర్స్ రాసింది. 3 కోట్ల 10 లక్షల మంది డేటా తన దగ్గరుందని హ్యాకర్ చెప్పుకున్నాడు. ఎవరో సంప్రదించారని ఆగస్టులోనే అధికారులకు తెలిపామని, విస్తృతంగా డేటా పోలేదని కంపెనీ అప్పట్లో అంది. రాయిటర్స్ మాట్లాడిన పాలసీదారులు మాత్రం కంపెనీ నుంచి తమకే సమాచారమూ రాలేదన్నారు. తర్వాత కంపెనీ టెలిగ్రామ్ మీద మద్రాస్ హైకోర్టుకు వెళ్లింది.

స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు చెప్పడానికి నియమాలున్నాయి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. బాగానే ఉంది. కానీ సెర్ట్-ఇన్‌కు చేరిన సమాచారం మనకు రాదు. అడుగుదామంటే 2023 నవంబర్‌లో ఆ సంస్థను సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించారు. పెట్టుబడి పెట్టినవాడికి ఒక కిటికీ ఉంది, ప్రభుత్వానికి ఒక కిటికీ ఉంది. ఎవరి రోగం, ఎవరి కులం, ఎవరి వేలిముద్ర పోయిందో వాళ్లకు కిటికీ లేదు.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ కిటికీ తెరుస్తానంటోంది. మంచిని మంచి అనాలి: డేటా పోతే బోర్డుకే కాదు, ప్రతి బాధితుడికీ చెప్పాలని ఈ చట్టంలో ఉంది. నష్టం చిన్నదా పెద్దదా అని కంపెనీ తూకం వేసుకునే వీలు లేదు. చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా, భద్రత పాటించకపోతే 250 కోట్ల వరకు. 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం బాధితులకు ఆలస్యం లేకుండా, ఏం జరిగింది, ఏం ముప్పు ఉంది, మీరేం చేసుకోవాలి అన్నది సులువైన మాటల్లో చెప్పాలి. బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి.

లోటుపాట్లు కూడా అక్కడే ఉన్నాయి. ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి వెళ్తుంది, బాధితుడికి పైసా రాదు. పాత ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే దారి ఒకటుండేది, కొత్త చట్టం దాన్ని తొలగిస్తోంది. సమ్మతి తీసుకునే నోటీసు తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో అందుబాటులో ఉండాలన్నారు, డేటా పోయిన సమాచారం గురించిన నిబంధనలో భాష మాటే లేదు. ఫిర్యాదు అబద్ధమనో పసలేనిదనో తేలితే ఫిర్యాదుదారుకే 10 వేల వరకు జరిమానా వేయొచ్చు. కోర్టు మెట్లు ఎక్కడానికే జంకే మనిషిని ఇది ఏ వైపు నెడుతుందో ఆలోచించండి. బోర్డు సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి మినహాయించే అధికారమూ దానిదే.

అన్నిటికంటే మాకు బాధగా ఉన్న విషయం ఇంకోటి ఉంది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో, 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులో, కులం లేదా తెగ అన్నది సున్నితమైన వ్యక్తిగత డేటా జాబితాలో ఉండేది. దానికి అదనపు రక్షణ ఉండేది. 2023 చట్టంలో ఆ సున్నితమైన డేటా అనే విభాగమే తీసేశారు. ఇప్పుడు చట్టం దృష్టిలో మీరు నిన్న తెప్పించుకున్న పిజ్జా, మీ కుల ధ్రువీకరణ పత్రం ఒకే తరగతి. మరోవైపు అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చేసింది, ఆ మార్పును 18 నెలలు ఆపకుండా వెంటనే అమల్లోకి తెచ్చారు. ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులతో ఎవరికి లబ్ధి అందింది అని అడిగితే వ్యక్తిగత సమాచారం, ఇవ్వం అని చెప్పడానికి అధికారులకు ఇప్పుడు చేతికి అందివచ్చింది. మన గురించి వాళ్ల దగ్గరున్నది కారిపోతే ఆలస్యంగా తెలుస్తుంది, వాళ్ల గురించి మనం అడిగితే అసలు తెలియదు.

వెంటనే చెప్పడం ఎందుకు ముఖ్యమో రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఒకటి లెక్కల్లో చూపిస్తుంది. 2017 జూలై ఆదేశం ప్రకారం, మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా మూడో చోట లోపం వల్ల మీ ఖాతాలో డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 రోజుల మధ్య అయితే జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతాకు 5 వేల వరకు మీరే భరించాలి. ఏడు దాటితే బ్యాంకు దయ. 5 వేలంటే ఉపాధి కూలీకి ఎన్ని రోజుల పని?

చేయగలిగినవి

కాలేజీ విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగిన పనులు కొన్నున్నాయి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి రసీదు నంబర్ తీసుకోవాలి. ఆధార్ బయోమెట్రిక్‌ను యూఐడీఏఐ సైట్‌లో లాక్ చేసుకోవచ్చు, వేలిముద్రతో డబ్బు తీసే మోసం ఆగుతుంది. కాకపోతే రేషన్‌కో పింఛన్‌కో వేలిముద్ర వేయాల్సిన ఇంటి పెద్దలకు లాక్ చేసిపెట్టి మర్చిపోతే ఆ రోజు బియ్యం రావు, అది కూడా చూసుకోవాలి. పేరు మీద తెలియని అప్పులున్నాయా అని ప్రతి క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికోసారి ఉచితంగా రిపోర్టు తీసుకోవచ్చు. ఏదైనా కంపెనీ డేటా పోయిందని పేపర్లో వస్తే, అందులో మీ ఖాతా ఉంటే, నా డేటా పోయిందా, ఏమేం పోయింది, ఎప్పుడు పోయింది అని వాళ్ల ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా సరే, తేదీతో ఉన్న ఆ ఈమెయిల్ రేపు బోర్డు దగ్గర పనికొస్తుంది. కొత్త చట్టం ప్రకారం ముందు కంపెనీని అడిగాకే బోర్డుకు వెళ్లాలి.

మన సంఘాలు కూడా డేటా పోగుచేస్తున్నాయి. హాస్టల్ సమస్యల మీద గూగుల్ ఫారం పెడతాం, అందులో పేరు, కులం, ఫోన్ నంబర్ అడుగుతాం. అత్యాచార ఘటనల మీద నిజనిర్ధారణకు వెళ్తే సాక్షుల పేర్లు, ఇళ్లు రాసుకుంటాం. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపులో నలుగురి ఫోన్లలో ఉంటుంది. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో చేరిన 15ఏ సెక్షన్ సాక్షుల పేర్లు, చిరునామాలు గోప్యంగా ఉంచమని ఆదేశించే వీలు కోర్టుకు కల్పిస్తోంది. కోర్టు దాచిన పేరు మన షీట్‌లో తెరిచి ఉంటే ఆ ఆదేశానికి విలువుండదు. అవసరం లేని కాలమ్ అడగకపోవడం, ఫైలు ఇద్దరి దగ్గరే ఉంచడం, పని అయ్యాక చెరిపేయడం, ఒకవేళ ఫోన్ పోయినా లింక్ బయటికి పొక్కినా ఆ జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ అదే రోజు తెలుగులో ఫోన్ చేసి చెప్పడం, ఇవన్నీ మీ తర్వాతి కార్యవర్గ సమావేశంలో పెట్టి తీర్మానంగా మినిట్స్‌లో రాయించండి. ఎవరు ఫోన్ చేయాలో పేరు కూడా అక్కడే రాయండి.